సజ్దాలోని ప్రశాంతత - మెదడు రసాయనాలు

సజ్దాలో కలిగే ప్రశాంతత కేవలం మెదడు రసాయనాల పనేనా? చదువుకుంటున్న మన పిల్లలు అడిగే ఈ ప్రశ్నకు మనం కసురుకోకుండా జవాబు చెప్పాలి.

నాడీశాస్త్రజ్ఞుడు వి.ఎస్. రామచంద్రన్ అమెరికాలో ఒక రకం మూర్ఛవ్యాధి ఉన్న ఇద్దరిని పరీక్షించారు. మతసంబంధమైన పదాలు చూపినప్పుడు వారి శరీరాలు అసాధారణంగా స్పందించాయి. 1998లో వెలువడిన పుస్తకంలో ఆయన ఈ సంగతి వివరించారు. దీనివల్ల దేవుడు లేడని రుజువు కాదనీ ఒప్పుకున్నారు.

అనకాపల్లి బెల్లం నోట్లో వేసుకుంటే మెదడులో మార్పు వస్తుంది. అంతమాత్రాన బెల్లం లేదనగలమా? 1111లో మరణించిన ఇమామ్ గజాలీ కూడా దైవానుభూతిని ‘జౌఖ్’, అంటే రుచి అన్నారు.

మనుషులను కలిపి ఉంచింది కాబట్టే పరిణామక్రమంలో భక్తి నిలిచిందని కొందరంటారు. లెక్కించే తెలివీ అలాగే వచ్చి ఉండవచ్చు. అయినా రెండు రెళ్లు నాలుగే.

అలాగని ప్రతి అనుభూతీ దైవసందేశం కాదు. మూర్ఛ వచ్చినా, ఏవో గొంతులు వినిపిస్తున్నా ముందు డాక్టరుకు చూపించాలి. వైద్యం విశ్వాసానికి విరుద్ధం కాదు.

చిన్నపాటి సాయం కూడా నిరాకరించే నమాజీలను ‘మాఊన్’ సూరా హెచ్చరిస్తుంది. కనుక సజ్దాలో పొందిన ప్రశాంతత రావికమతంలోని పేదింటికి ఏం చేసిందన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.