ఇసుక దుమ్ము

పటాన్‌చెరు దగ్గర ఒక గోదాము ఉంది. దాని చుట్టూ ఎర్ర ఇటుకల గోడ ఉంది. ఎన్నికలు వస్తే ఆ గోడ నిండా రాతలే. పార్టీల పేర్లు, గుర్తులు, ప్రకటనలు.

బస్తీలో ఒక కోడలు కొత్తగా చదువు నేర్చుకుంది. పనికి పోతూ వస్తూ ఆ గోడ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివేది.

ఒకనాడు ఆ రాతలు తీసే పని మొదలైంది. మేస్త్రి కంప్రెషర్ మిషను తెచ్చాడు. అత్త, కోడలు కూలికి కుదిరారు. ఇసుక జల్లెడ పట్టాలి. మిషను డబ్బాలో పోయాలి. కింద పడ్డ దుమ్ము ఊడ్చాలి.

మిషను గాలిని గట్టిగా పైపులోకి నెడుతుంది. గాలితోపాటు ఇసుక దూసుకొస్తుంది. గోడకు తగిలి రంగును గీకేస్తుంది. దీన్ని శాండ్ బ్లాస్టింగ్ అంటారు. ఇనుము తుప్పు వదిలించడానికి కూడా ఈ పని చేస్తారు.

సాయంత్రానికి ఇద్దరి తలలు, చీరలు తెల్లబడ్డాయి. పక్కింటి పెద్దమ్మ చూసింది.

"ఏం పనికి పోయిండ్రే? ఇంత దుమ్మేంది?"

"గోడ రాతలు తీసే పని పెద్దమ్మా. కొంగు అడ్డం కట్టుకున్నం. ఏం కాదు" అన్నది కోడలు.

"మీ పెద్దబాపు గిట్లనే అన్నడు బిడ్డా. షెడ్డుల ఎనిమిదేండ్లు ఇసుక కొట్టే పని చేసిండు. ముక్కుకు రుమాలు కట్టెటోడు. ఇప్పుడు నల్లా కాడికి నడిస్తెనే ఆయాసం. టీబీ అన్నరు. మందులు మింగిండు. దగ్గు పోలే. పెద్ద దవాఖానల ఫోటో తీసినంక తెలిసింది. ఊపిరితిత్తులల్ల ఇసుక దుమ్ము చేరిందట."

ఆ జబ్బు పేరు సిలికోసిస్. ఇసుకలో సిలికా ఉంటుంది. ఇసుక గోడకు తగిలి పగిలితే కంటికి కనబడనంత సన్నటి దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల లోపలికి పోతుంది. అక్కడ మచ్చలు కట్టి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దగ్గు, ఆయాసం వస్తాయి. టీబీ కూడా తొందరగా పట్టుకుంటుంది. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. మామూలుగా 10, 20 ఏండ్లకు బయట పడుతుంది. దుమ్ము బాగా ఎక్కువైతే కొద్ది ఏండ్లలోనే వస్తుంది.

మనం పలక మీద రాసే బలపం కథ కూడా ఇదే. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాలు కోసే కార్మికులు ఎందరికో ఈ జబ్బు వచ్చింది. టర్కీ దేశంలో జీన్సు ప్యాంట్ల రంగు వెలిసినట్టు చేయడానికి ఇసుక కొట్టేవారు. ఆ పని చేసిన యువకులు చనిపోయారు. 2009లో అక్కడి ప్రభుత్వం ఆ పనిని నిషేధించింది.

మరునాడు కోడలు మేస్త్రితో చెప్పింది. "ఇసుక పని మేం చెయ్యం. వేరే పని ఉంటె చెప్పు."

మేస్త్రికి కోపం వచ్చింది. ఆ రోజు వాళ్లకు కూలి పోయింది.

తర్వాతి రోజు గోదాము యజమాని వచ్చి చూశాడు. రాతలు పోయాయి. ఇటుకల పై పొర కూడా పోయింది. ఇటుకకు పైపొరే గట్టిది. అది పోతే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. యజమాని మిషను ఆపించాడు. మిగిలిన గోడను నీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది కడగమన్నాడు. మేస్త్రి అత్తాకోడళ్లను మళ్లీ పిలిచాడు. చేతులు నొచ్చాయి. కానీ దుమ్ము లేదు.

గుర్తుంచుకోండి

1. కొంగు, రుమాలు సన్న దుమ్మును ఆపవు. ఇసుక కొట్టే చోటికి దూరంగా ఉండాలి.
2. పొడి దుమ్మును ఊడ్చకూడదు. నీళ్లు చల్లి తీయాలి.
3. పని బట్టలు ఇంట్లో దులపకూడదు. నీళ్లలో నానబెట్టి, విడిగా ఉతకాలి.
4. దగ్గు, ఆయాసం ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఏ పని చేశారో, ఎన్నేండ్లు చేశారో డాక్టరుకు చెప్పాలి.
5. సిలికోసిస్ పని వల్ల వచ్చే జబ్బు అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే గుర్తించింది. ఇ.ఎస్.ఐ. కార్డు, జీతం చీటీలు దాచుకోవాలి. వైద్యానికి, పరిహారానికి అవే ఆధారం.

చర్చించండి

1. కోడలు ఒక రోజు కూలి పోగొట్టుకుంది. ఆమె చేసింది సరైనదేనా?
2. మీ ఇంట్లో, మీ బస్తీలో దుమ్ము పని చేసేవారు ఎవరున్నారు? వారికి ఈ పాఠం చదివి వినిపించండి.