శ్రమవేళ గుండె నిండే తీరు

గుండె ముడుచుకోవడానికే శక్తి కావాలని మనం భావిస్తాము. సడలడానికీ శక్తి అవసరమే. సంకోచం ముగియగానే కండరకణంలోని కాల్షియం తిరిగి తన నిలువకు చేరవలె. ఆ పనికి ప్రాణవాయువు ఆధారం. హృదయ ధమని ఇరుకైనచో, శ్రమవేళ మొదట మందగించేది ఈ సడలికయే. గోడల కదలిక తగ్గడం, విద్యుల్లేఖలో మార్పు, ఛాతీనొప్పి సాధారణంగా ఆ తరువాతివి.

1953లో స్వీడన్‌లో ఆరంభమైన గుండె అతిధ్వని పరీక్ష నేడు దీనిని గుర్తించగలుగుతున్నది. వ్యాయామానికి ముందు, తరువాత డాప్లర్ పద్ధతిలో రెండు వేగాలు కొలుస్తారు: ఎడమ జఠరికలోకి రక్తం ప్రవహించే వేగం, కవాటపు అంచున కండరం సడలే వేగం. మొదటిదానిని రెండవదానితో భాగించగా 14 మించితే, జఠరిక నిండేటప్పటి పీడనం పెరిగినదని సూచన.

ముదిమి, అధిక రక్తపోటు కూడ సడలికను మందగింపజేస్తాయి. కనుక గోడల కదలికతో కలిపి చూచియే నిర్ణయించవలె. నొప్పి లేనంత మాత్రాన గుండె క్షేమమని మనం నిశ్చింతగా ఉండరాదు.