మూతపడిన బొగ్గుగనియు, రైతు బావియు

ఉట్నూరు ప్రాంతపు మన సభ్యులలో కొందరకు తూర్పున బెల్లంపల్లి, మందమర్రి, తాండూరు వైపున బంధువులు గలరు. ఆ ప్రాంతమున పెక్కు భూగర్భ బొగ్గుగనులలో పని నిలిచిపోయినది. “గని మూతపడినది గదా, ఇక మావాళ్ల బావులలో నీరు పెరుగునా? బావి లోతు చేయించుటకు అప్పు తీసికొనవచ్చునా?” అని వారు మమ్ము అడుగుచున్నారు. ఔననిగాని కాదనిగాని ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. నీటిమట్టమును కొలిచి వ్రాసికొన్నగాని దీనికి జవాబు దొరకదు. ఆ కొలత యెట్టిదో యిచ్చట వివరింతుము.

సింగరేణి బొగ్గు త్రవ్వకము 1889లో ఇల్లెందు వద్ద మొదలై, 1920 తరువాతి దశకమున బెల్లంపల్లికి వచ్చినది. బొగ్గుండు ఇసుకరాతి పొరలకు గోండ్వానా పొరలని పేరు. 1872లో మెడ్లికాట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరది. మన గోండుల పేరు ప్రపంచమంతటను శాస్త్రగ్రంథముల కెక్కినదని మనలో ఎందరెరుగుదురో! ఈ ఇసుకరాయి నీటిని పీల్చి నిలుపుకొనును. బొగ్గు తీయవలెనన్న ఆ నీటిని రేయింబవళ్లు పంపులతో తోడి వెలికి పోయవలెను. ఏండ్లతరబడి తోడగా చుట్టుప్రక్కల భూజలమట్టము క్రుంగి బావులు ఇంకిపోవును. మరియొక ప్రక్క, తోడిపోసిన నీరే వాగులలోను చెరువులలోను పడి క్రింది మళ్లకు పారును.

పంపులు నిలిచినప్పుడు ఈ రెండును తారుమారగును. బావులలో నీరు మెల్లగా పైకి వచ్చును; గని నీటితో నిండుచుండిన చెరువు మాత్రము ఎండును. ఒకే ఊరిలో ఒకనికి లాభము, మరియొకనికి నష్టము. కావున మొట్టమొదట విచారింపవలసినది పంపుల మాట. మరల పని సాగింపవలెనను తలంపుతో నిలిపియుంచిన గనిలో పంపులు నడుచుచునే యుండును. అట్టిచోట బావి నీరు పెరుగునని కాచుకొని కూర్చుండుట వృథా.

పంపులు నిలిచినను నీరు ఒకే తీరున పెరుగదు. గట్టిరాతిలో ఖాళీ తక్కువ గనుక అచ్చట త్వరగా లేచును. బొగ్గు తీసిన సొరంగముల మట్టమునకు వచ్చినంతనే, ఆ ఖాళీ అంతయు నిండువరకు నెలలతరబడి కదలనట్లే కనిపించును. దీనిని చూచి “నీరు ఇంతటితో ఆగినది” అని తొందరపడి బావి త్రవ్వించినచో, తరువాత అప్పు మిగులును, త్రవ్వినది అక్కరకు రాదు.

గని యాజమాన్యమువారు గని చుట్టును సన్నని బోర్లు వేసి, అడుగున రంధ్రములుగల గొట్టములు దింపి మట్టము చూతురు. ఇది రైతుల కొరకే కాదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ ప్రాంతమున చాస్‌నాలా గనిలోనికి ప్రక్కనున్న పాతపనులలో నిలిచిన నీరు తెగబడి 375 మంది మరణించిరి. పని చేయుచున్న గనికి ప్రక్కగని నీటి లెక్క ప్రాణముతో సమానము.

రైతు చేయవలసిన కొలత సులభము. బావి ఒరపై ఒకచోట రంగుతో గుర్తు పెట్టుకొనవలెను; ఎప్పుడును ఆ గుర్తునుండియే కొలువవలెను. ఇనుప టేపు చివర బరువు కట్టి, అడుగు భాగమునకు సుద్ద రాచి దింపినచో తడిసిన మేర స్పష్టముగ కనబడును. రాత్రియంతయు మోటారు ఆపి, తెల్లవారుజామున కొలువవలెను. మోటారు నడిచిన గంటకే కొలిచినది మోటారు కొలతయే గాని భూజలపు కొలత కాదు. జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలలలో ఏటా నాలుగుసారులు తప్పక తీసి, ఆ నెల వానను కూడ ప్రక్కన వ్రాయవలెను. వాన లెక్క లేనిచో, పెరిగిన నీరు గనిదో మేఘునిదో చెప్పువారుండరు.

పోల్చి చూచుటకు గనికి దూరముననున్న బావి నొకదానిని కూడ కొలువవలెను. అయితే ఆ బావియు ఇసుకరాతిలోనిదే కావలెను. ఉట్నూరు, జైనూరు వైపున పెక్కుచోట్ల నున్నది నల్లరాయి. దాని నీటి నడక వేరు. మన బావిని చూచి బెల్లంపల్లి బావికి తీర్పు చెప్పరాదు.

మరియొక పొరపాటు తరచుగ జరుగును. ఒక బావిలో నీరు 12 మీటర్ల లోతునను, ఇంకొకదానిలో 6 మీటర్ల లోతునను ఉన్నదనుకొందము. రెండవ దానిలోనే నీటిమట్టము ఎత్తుగ నున్నదని తలంతుము. కాని మొదటి బావి గట్టు సముద్రమట్టమునకు 250 మీటర్లును, రెండవ దాని గట్టు 240 మీటర్లును అయినచో, నీటిమట్టములు 238, 234 అగును. అనగా నీరు మొదటి బావి వైపునుండి రెండవ దాని వైపునకు వాలియున్నది. గట్టు ఎత్తు తెలియక గని నీరు ఎటు పోవునో చెప్పజాలము.

నీరు పెరిగినదని సంతసించి వెంటనే త్రాగరాదు. బొగ్గుతోనుండు గంధక ఖనిజము గాలి, నీరు సోకి ఆమ్లమును, ఇనుమును విడుచును. మన బొగ్గులో గంధకము తక్కువ యగుటచే ఈ భయము కొంత తక్కువయే, కాని లేకపోలేదు. తోడినప్పుడు తేటగనుండి, బిందెలో నిలిచిన పిమ్మట ఎర్రబారిన నీటిలో ఇనుము గలదని యెరుగునది. పరీక్షశాలకు పంపినప్పుడు పి.హెచ్. 6.5 నుండి 8.5 లోపల నుండవలెను. లీటరునకు సల్ఫేటు 200 మిల్లీగ్రాములు, కరిగిన లవణములు 500 మిల్లీగ్రాములు మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచో వరుసగా 400, 2000 వరకు ఒప్పుదురు. నిలిచిన గనిలో పైన మంచినీరును అడుగున ఉప్పునీరును పొరలుగా నుండవచ్చును గనుక, పైనీటి నొక్కదానినే సీసాలో పట్టుకొనిపోయిన మోసపోవుదుము.

యాజమాన్యము వద్దనున్న మట్టముల లెక్కను 2005 నాటి సమాచార హక్కు చట్టము ననుసరించి సింగరేణి సంస్థను అడుగవచ్చును. మన లెక్కను దాని ప్రక్కన పెట్టి చూడవలెను.

ఇక అప్పు మాట. గని సమీపమున బావి లోతు చేయదలచినవారు దరఖాస్తుతోపాటు నాలుగు కొలతల కాగితమును జతపరచుట మంచిదని మా అభిప్రాయము. పంట ఎండుచున్నవాడు ఏడాది ఆగలేడని మేమెరుగుదుము. అట్టివారు ముందుగా గని పంపుల సంగతి విచారించి, ప్రక్క బావులవారి నోటిలెక్కయైనను వ్రాసి తేవలెను. కొలతలు వ్రాయుటకు ఒక పుస్తకమును ఊరికొక సభ్యుని వద్ద ఈ మే నెలనుండియే ఉంచుదురుగాక.