పైన పువ్వు, కింద గడ్డ



గత నెల ఆరో తరగతి సైన్స్ క్లాసులో "ఆహారాన్ని దాచుకునే వేరుకు ఒక ఉదాహరణ చెప్పండి" అని అడిగాను. ముందు బెంచీ బాబు చక్కటి ఇంగ్లిష్‌లో "పొటాటో" అన్నాడు. "గుడ్" అన్నాను. వెనక బెంచీ పాప లేచి "కందగడ్డ, టీచర్" అంది. "ఇంగ్లిష్‌లో చెప్పమ్మా" అన్నాను. ఆ మాట తెలియక పాప కూర్చుండిపోయింది.

స్టాఫ్ రూమ్‌కు వచ్చాక నా తప్పు అర్థమైంది. ఆలుగడ్డ వేరు కాదు, కాండం. కందగడ్డే అసలైన వేరు. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆ తప్పు ఒప్పుకుని, పాపతో బోర్డు మీద 'స్వీట్ పొటాటో' అని రాయించాను. ఈ నెల పాఠం అక్కడి నుంచే వచ్చింది.

వేరా, కాండమా?

ఈ రోజే వంటింట్లో రెండు గడ్డలూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి. ఆలుగడ్డ మీద చిన్న చిన్న గుంటలు ఉంటాయి. వాటినే 'కళ్లు' అంటాం. ఒక్కో కన్నులో మొగ్గ ఉంటుంది, అక్కడి నుంచే మొలక వస్తుంది. ఇలా వరుసగా మొగ్గలు ఉండటం కాండం లక్షణం. కందగడ్డకు ఆ కళ్లు ఉండవు. సన్నటి పిల్లవేర్లు కనిపిస్తాయి. మొలకలు ఎక్కువగా తీగకు అతుక్కుని ఉన్న కొన వైపే వస్తాయి. అల్లం కాండం, క్యారెట్ వేరు.

పొద్దుతిరుగుడుకు గడ్డ ఉంటుందా?

ఒక విద్యార్థి ఈ ప్రశ్న కూడా అడిగాడు. మన చేలల్లో చూసే పొద్దుతిరుగుడుకు ఉండదు. కానీ దాని తోబుట్టువు లాంటి మొక్క ఒకటి ఉంది, పేరు సన్‌చోక్. పుట్టిల్లు ఉత్తర అమెరికా. ఆరు నుంచి పది అడుగులు పెరిగి, తోట నిండా చిన్న చిన్న పసుపు పూలు పూస్తుంది. మట్టిలో అల్లం కొమ్ముల్లాంటి గడ్డలు ఊరతాయి. వాటికీ కళ్లు ఉంటాయి కాబట్టి అవి కాండమే. అక్కడి ఆదివాసులు వీటిని పండించుకు తినేవారు. ఫ్రెంచ్ యాత్రికుడు శామ్యూల్ ద షాంప్లేన్ 1605లో వీటిని చూసి, రుచి ఆర్టిచోక్‌లా ఉందని రాశాడు. ఈ గడ్డలో పిండిపదార్థం బదులు ఇన్యులిన్ ఉంటుంది. అది సులభంగా అరగదు, ఎక్కువ తింటే గ్యాస్ పట్టేస్తుంది.

ఇంట్లో చేసే యాక్టివిటీ

సన్‌చోక్ మనకు దొరకడం కష్టం. కందగడ్డతో అదే పాఠం నేర్చుకోవచ్చు.

1. ఒక కందగడ్డను తడి ఇసుకలో సగం వరకు పూడ్చండి. మొలకలు వచ్చి జానెడు తీగ అయ్యాక కత్తిరించండి.

2. మిర్యాలగూడ రైస్ మిల్లుల పుణ్యమా అని మన ఇళ్లలో బియ్యం సంచులకు కొదవ లేదు. ఒక సంచికి అడుగున రంధ్రాలు చేసి, మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపండి.

3. తీగలో రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటండి. ఎండ బాగా తగలాలి. నీరు నిలవకూడదు. యూరియా వేయకండి, ఆకులే పెరిగి గడ్డ ఊరదు.

4. పొద్దు తక్కువగా ఉండే చలికాలంలో లేత ఊదారంగు గరాటు పూలు రావచ్చు. పిల్లలతో బొమ్మ గీయించి తేదీ వేయించండి.

5. నాటిన సుమారు నాలుగు నెలలకు తవ్వండి. ఈ నెలలో మొదలుపెడితే శివరాత్రికి అటూ ఇటూగా చేతికొస్తుంది. ఉపవాసం విడిచేటప్పుడు పిల్లలు తమ గడ్డ తామే తింటారు!

ఒక పచ్చి ముక్క మీద మందుల షాపులో దొరికే అయోడిన్ చుక్క వేయండి. నలుపు కలిసిన నీలం రంగు వస్తే పిండిపదార్థం ఉన్నట్టు. ఆ ముక్క పారేయాలి, తినకూడదు.

ఒక్క జాగ్రత్త

కాలువ గట్ల మీద, చెరువుల దగ్గర పెరిగే లొట్టపీసు చెట్టు పూలు అచ్చం కందగడ్డ పూలలాగే ఉంటాయి. రెండూ ఒకే కుటుంబం. కానీ లొట్టపీసు విషం, మేసిన మేకలు జబ్బుపడతాయి. ఎర్రటి మంటలా పూసే అడవినాభి ఇంకా ప్రమాదం. దాని గడ్డను కందగడ్డ అనుకుని తిన్నవారు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. పెద్దలు పేరు చెప్పి గుర్తించని గడ్డ ఏదీ నోట్లో పెట్టుకోకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఆ పేర్లు చెప్పగలిగేది మీ ఇంట్లోని నాయనమ్మ, అమ్మమ్మ, తాతయ్యలే. సూర్యాపేటలో కందగడ్డ అన్నది కోదాడలో ఆంధ్ర వైపు నుంచి వచ్చిన ఇళ్లలో చిలగడదుంప. వాళ్లకు 'కంద' అంటే వేరే దుంప! పిల్లలు ముందు ఇంటి పేరు నేర్చుకుని రానివ్వండి. ఇంగ్లిష్ పేరు నేర్పే పని నాది. ఇకపై నా క్లాసులో రెండింటికీ మార్కులు ఉంటాయి.