కాలేయ కణములు చెప్పెడి పాఠము

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రైతులకు పురుగుమందుతో పని తప్పదు. మందు కొట్టిన నాడే తల తిరిగినచో అది విషమని యందఱకును తెలియును. ఏండ్లు గడచిన పిమ్మట కీడు చేయు విషమును కనుగొనుట యెట్లని సభ్యులు మమ్ము అడుగుచుందురు.

కాన్సరు తఱచుగా రెండంచెలలో పుట్టును. మొదటిది విత్తనము పడుట, అనగా ఒక కణములోని వంశసూత్రము చెడుట. వేరుసెనగకు పట్టు బూజునందలి అఫ్లటాక్సిను ఇట్టి పని చేయును. రెండవది ఆ విత్తనమునకు ఎరువును నీరును దొరకుట. ఇట్లు పెంచు పదార్థములలో పెక్కు వంశసూత్రమును చెఱుపవు; కావున ఆ చెఱుపును మాత్రమే వెదకు పరీక్షలకు చిక్కవు.

వీనిని పట్టుటకు శాస్త్రజ్ఞులు ఎలుక కాలేయమునుండి కణములను వేఱుచేసి పళ్లెములలో బ్రదికింతురు. శరీరములో ప్రవేశించిన విషములను మార్చు ముఖ్యస్థానము కాలేయమే గదా. బెలుం గుహలలో ఒక గదినుండి మఱియొక గదికి ఇఱుకుదారు లున్నట్లు, పొరుగు కణముల నడుమ సూక్ష్మమైన దారులు గలవు. వాని గుండ సాగు సంకేతములు కణములను మితిమీఱి పెరుగకుండ అదుపులో నుంచును. ఒక కణములో రంగు నుంచగా పొరుగు కణమునకు పాఱినచో దారి తెఱచియున్నది, పాఱనిచో మూసికొన్నది. 1981లో అమెరికాలో విలియమ్సు మున్నగువారు మఱియొక పద్ధతిని పరీక్షించి, డి.డి.టి. ఈ దారులను అడ్డగించునని కనుగొనిరి. లిండేనును అట్టిదే.

పళ్లెములోని ఎలుక కణము మనుష్యుడు కాదు. ఈ పరీక్ష హెచ్చరిక మాత్రమే. తీర్పునకు జంతువులను, మనుష్యులను గూర్చిన పరిశోధనలు వలయును. 2015లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అన్నిటిని విచారించి, లిండేను మనుష్యులకు కాన్సరు కలిగించుననియు, డి.డి.టి. బహుశః కలిగించుననియు నిర్ణయించెను. మన దేశములో డి.డి.టి. సేద్యపు వాడుక 1989లోను, గమాక్సిను పొడియగు బి.హెచ్.సి. 1997లోను, లిండేను 2013లోను నిలిచినవి.

ఇందొక ధైర్యము గలదు. రెండవ అంచెకు విషము పలుమాఱు, చిరకాలము తగులవలెను. తొలిదశలోనే దానిని మాన్పినచో, ఎరువందని పైరువలె ఆ పెరుగుదల తగ్గుట జంతువులయందు కనబడినది. కావున మన చేతిలోని పని యిది: మందును చేతితో గాక కఱ్ఱతో కలుపుడు. గాలికి ఎదురుగా కొట్టకుడు. పని ముగియగానే స్నానము చేసి బట్టలు వేఱుగా ఉతుకుడు. ఖాళీ డబ్బాలలో నీరుగాని గింజలుగాని పోయకుడు. అటకపై పాత పొడి యున్నచో వాడక, వ్యవసాయాధికారికి తెలుపుడు. వేరుసెనగను బాగుగా ఎండబెట్టి, బూజుపట్టిన కాయలను ఏఱివేయుడు. వానిని పశువులకును పెట్టకుడు.