క్షేత్ర పటాల తయారీలో ఆటోక్యాడ్ మందగమనం: కారణ నిర్ధారణ, సవరణ క్రమం

పరిచయం

బిందు సేద్యం, కాంటూరు గట్లు, మురుగు కాలువల రూపకల్పనకు ఆటోక్యాడ్ నేడు పరిశోధనా స్థానాలలో నిత్యసాధనమైనది. పటం పెద్దదయ్యేకొద్దీ పని మందగించుట సాధారణం. ఆకు పసుపు బారినంత మాత్రాన నత్రజని వేయము. ముదురాకుల్లోనా, లేతాకుల్లోనా అని ముందుగా పరిశీలిస్తాము. ఇక్కడ కూడా నిర్ధారణ ముందు, చికిత్స తరువాత. తొందరపాటు సవరణల వల్ల పటంలోని ఎత్తుపల్లాల సమాచారం చెడితే ఆ నష్టం పొలంలో కనిపిస్తుంది.

లోపస్థాన నిర్ధారణ

మొదట ఖాళీ పటం తెరిచి కొన్ని గీతలు గీయాలి. అందులోనూ కదలిక మందకొడిగా ఉంటే లోపం కంప్యూటరుది. గ్రాఫిక్స్ డ్రైవరును, మెమరీ వినియోగాన్ని పరిశీలించి, గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ ఆదేశం ద్వారా హార్డ్‌వేర్ త్వరణాన్ని మార్చి చూడాలి. ఖాళీ పటం చురుకుగా ఉంటే లోపం ఫైలుది. ఫైలు పెన్‌డ్రైవులో గాని, నెట్‌వర్కులో గాని ఉంటే సొంత డిస్కులోకి నకలు తీసి మరల తెరవాలి. అప్పటికీ మార్పు లేకపోతే లేయర్లను సగం చొప్పున ఫ్రీజ్ చేస్తూ పోతే భారమైన లేయరు బయటపడుతుంది. లేయరును కేవలం ఆఫ్ చేస్తే ఈ పరీక్షకు చాలదు. ఫ్రీజ్ చేసిన లేయరును మాత్రమే సాఫ్ట్‌వేర్ పునర్గణన నుంచి మినహాయిస్తుంది.

సేద్య పటాలలో ప్రధాన కారణాలు

1. డ్రిప్పర్ల చిత్రణ: లేటరళ్ల మధ్య 1.2 మీ., డ్రిప్పర్ల మధ్య 0.4 మీ. ఎడం ఉంటే హెక్టారుకు సుమారు 20,833 డ్రిప్పర్లు వస్తాయి. ఒక్కొక్కటి వృత్తంగా గీస్తే 25 హెక్టార్లకు 5 లక్షలు దాటుతాయి. లేటరళ్లను గీతలుగా చూపి, డ్రిప్పర్ల అమరికను ఒక నమూనా వరుసలో మాత్రమే చిత్రించి, ఎడాన్ని వివరణలో వ్రాస్తే చాలును.

2. ఒకదానిపై ఒకటి పడిన గీతలు: పదే పదే నకళ్లు అతికించుట వల్ల ఇవి ఏర్పడతాయి. ఇవి వేగాన్ని తగ్గించుటే గాక పైపుల పొడవు అంచనాను కూడా పెంచుతాయి.

3. దూర నిరూపకాలు: యూటీఎం పద్ధతిలో మన రాష్ట్రాల ఉత్తర నిరూపకం సుమారు 14 నుంచి 22 లక్షల మీటర్లు. మిల్లీమీటర్లలో గీస్తే ఇది వంద కోట్లు దాటుతుంది. హ్యాచింగు, బిందు గ్రహణం తడబడతాయి. అటువంటి పటాలను మీటర్లలోనే గీయడం మేలు.

4. డ్రోన్ సర్వే కాంటూర్లు: అవసరానికి మించిన బిందువులతో ఫైలు బరువెక్కుతుంది.

సవరణ క్రమం

ముందుగా మూల ఫైలుకు నకలు తీయాలి. నకలులో ఆడిట్ ఆదేశంతో దోషాలు సరిచేసి, పర్జ్ ఆదేశంతో వాడని బ్లాకులు, లేయర్లు, గీత రకాలు తొలగించాలి. తరువాత ఓవర్‌కిల్ ఆదేశాన్ని అతి స్వల్ప టాలరెన్సుతో వాడాలి. కొసలు కలిసిన సరళరేఖలను ఏకం చేసే ఎంపికను తీసివేయాలి. లేకున్న సబ్‌మెయిన్‌కు ఇరువైపులా ఉన్న లేటరళ్లు ఒకే గీతగా మారతాయి. మొత్తం పొడవు మారదు గాని గీతల సంఖ్య సగమై, టేకాఫ్‌లు, గ్రోమెట్‌ల లెక్క తప్పుతుంది. కాంటూర్లను వేరొక ఫైలులో ఉంచి ఎక్స్‌రెఫ్‌గా జోడించి, అవసరం లేనపుడు ఫ్రీజ్ చేయుట ఉత్తమం.

జాగ్రత్త

కాంటూర్ల బిందువులను తగ్గించినట్లయితే తెలిసిన స్థానాల వద్ద ఎత్తులను సర్వే విలువలతో తప్పక సరిపోల్చాలి. 1 మీ. ఎత్తు పొరపాటు సుమారు 0.1 కి.గ్రా./చ.సెం.మీ. పీడనానికి సమానం. 1 కి.గ్రా. పీడనంపై పనిచేసే, పీడన నియంత్రణ లేని సాధారణ డ్రిప్పరులో దీనివల్ల నీటి విడుదల సుమారు 5 శాతం మారుతుంది.

ముగింపు

సవరణకు ముందు, తరువాత ఫైలు పరిమాణం, తెరుచుకొను సమయం, లేటరళ్ల మొత్తం పొడవు, సంఖ్య నమోదు చేయాలి. మొదటి రెండూ తగ్గవలెను. చివరి రెండింటిలో మార్పు వస్తే, ఆ మేరకు జంట గీతలే తొలగినవని రూఢి చేసుకొన్న తరువాతనే పటాన్ని క్షేత్రానికి పంపవలెను.