పీవై అంటే యానామా, బ్రెజిలా?

మన కాలేజీ ముందు ఆగే బళ్ల నంబర్లు చూడండి: పీవై 04. యెదుర్లంక వంతెన దాటితే అన్నీ ఏపీ బళ్లే. పీవై కనబడితే యానాం బండని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అదే పీవై హామ్ రేడియోలో వినబడిందనుకోండి, మాట్లాడేది బ్రెజిల్ మనిషి! పీవై4 అయితే ఆ దేశంలో మినాస్ జెరైస్ రాష్ట్రం.

హామ్ అంటే లైసెన్సు తీసుకుని, లాభాపేక్ష లేకుండా, సొంత రేడియో సెట్టుతో దూరదేశాలవాళ్లతో మాట్లాడే మనిషి. ప్రతి హామ్‌కీ ఒక కాల్‌సైన్ ఉంటుంది. ఏ దేశానికి ఏ అక్షరాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పంచిపెట్టింది. మన హామ్‌లది ఎక్కువగా వీయూ.

దీన్ని విడదీసి చదవడం తెలుగువాళ్లకి తేలికే. మనకీ ఇంటిపేరు ముందు, పేరు తర్వాత కదా. వీయూ2ఆర్బీఐ తీసుకోండి. వీయూ ఇంటిపేరు, అంటే ఇండియా. 2 జనరల్ గ్రేడు లైసెన్సు (రెస్ట్రిక్టెడ్ గ్రేడైతే 3). ఆర్బీఐ అంటే రిజర్వ్ బ్యాంకు కాదండోయ్, భారతీ ప్రసాద్ గారు! 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున ఆవిడ పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. అక్కడ ఆవిడ కాల్‌సైన్ వీయూ4ఆర్బీఐ. 4 అండమాన్ నికోబార్‌ది, 7 లక్షద్వీప్‌ది. 26న సునామీ వచ్చింది, ఫోన్లు పోయాయి. ఆవిడ రేడియో మీద కబుర్లు బయటికి చేరవేశారు. ఎక్కడి నుంచని ఎవరూ అడగక్కర్లేదు, ఆ 4 చెప్పేసింది.

మరి యానానికి? ఒకప్పుడు ఫ్రెంచి ఇండియాకి ఎఫ్ఎన్8 అని విడిగా ఉండేది. హామ్‌ల దేశాల జాబితాలో 1954 అక్టోబరు 31తో దాన్ని కొట్టేశారు. ఇప్పుడు యానాం అమ్మాయైనా కాకినాడ అమ్మాయైనా వీయూ2, వీయూ3లే. నాకైతే కాస్త బాధగానే ఉంది.

ఒక కాల్‌సైన్ ఎవరిదో తెలియాలంటే క్యూఆర్‌జెడ్ డాట్ కామ్‌లో కొట్టి చూడండి. క్యూఆర్‌జెడ్ అంటే హామ్‌ల సంకేత భాషలో ‘నన్ను పిలుస్తున్నదెవరు?’ అని. పేరూ ఊరూ ఒక్కోసారి ఫొటో కూడా వస్తాయి. అయితే అది ప్రభుత్వ రిజిస్టరు కాదు. మనవాళ్ల వివరాలు చాలావరకు వాళ్లు రాసుకున్నవే. కాబట్టి అందులో కనబడనంత మాత్రాన దొంగ స్టేషన్ అనేయకండి. ముందు మీరు విన్నది సరైనదేనా చూసుకోండి. బీ, డీ, పీ, టీ గరగరలో ఒక్కలాగే వినిపిస్తాయి. అందుకే హామ్‌లు బ్రావో, డెల్టా, పాపా, టాంగో అంటారు.

ఇంకో మాట, ఇది మనకి ముఖ్యం. అందులో మీరు రాసింది ప్రపంచంలో ఎవరైనా చదువుతారు. రేపు మీరు హామ్ అయితే ఊరి పేరు దగ్గర ఆపేయండి, ఇంటి నంబరూ వీధీ రాయకండి. అవతలివాళ్లు పంపే క్యూఎస్ఎల్ కార్డులు హామ్‌ల సంఘం బ్యూరో ద్వారా తెప్పించుకోవచ్చు.

ఇదంతా చెబుతుంటే క్లాసులో ఒకమ్మాయి అడిగింది, “పెళ్లయ్యాక ఇదీ మారిపోతుందా మేడమ్?” అని. మారదు. ఇంటిపేరు మారినా, కాకినాడ కోడలివైనా, లైసెన్సులో పేరూ చిరునామా మార్పించుకోవాలి, అంతే. కాల్‌సైన్ నీదే. పరీక్ష రాయడానికి 12 ఏళ్లు నిండితే చాలు. మీకు ఎప్పుడో దాటిపోయాయి.